ఇంటూ నొక్కితే మూతపడాల్సింది ఫైలా, ప్రోగ్రామా?

నీలిగీత:
రోజూ మ్యాక్ మీదా, విండోస్ మీదా పని చేస్తాను. మ్యాక్‌లో ఎడమవైపు ఎర్ర చుక్క నొక్కితే విండో పోతుంది, ప్రోగ్రాం నడుస్తూనే ఉంటుంది. విండోస్‌లో కుడి చివర ఇంటూ నొక్కితే, అదే ఆఖరి విండో అయితే ప్రోగ్రామే పోతుంది. చెయ్యి ఒకదానికి అలవాటుపడేలోపు రెండోదాంట్లో తప్పు చేస్తోంది. నా మాట ఒక్కటే: మూయడం అంటే ఎక్కడైనా ఆ ఫైలు మూయడమే కావాలి. ప్రోగ్రాంలోంచి బయటికి రావాలంటే విడిగా చెప్పాలి.

పాతమౌస్:
ఒప్పుకోను. అన్నీ మూసేశానంటే నా పని అయిపోయిందనే అర్థం. చేతిలో ఫైలే లేనప్పుడు ప్రోగ్రాం ఎందుకు, మెమరీ తినడానికా? పైగా మ్యాక్ కూడా ఒక మాట మీద నిలబడలేదు. అందులో క్యాలిక్యులేటర్ విండో మూస్తే ప్రోగ్రామే ఆగిపోతుంది.

రాత్రిపని:
మ్యాక్‌లో కమాండ్ మీటతో కలిపి నొక్కే క్యూ, డబ్ల్యూ మీటలు పక్కపక్కనే ఉన్నాయి. డబ్ల్యూ ట్యాబ్ మూస్తే, క్యూ ప్రోగ్రాం మొత్తం మూస్తుంది. ముందు దాని సంగతి చూడండి.

నీలిగీత:
పాతమౌస్ గారూ, విండోస్ మాత్రం నిలబడిందా? వర్డ్ 97లో రెండు ఇంటూలు ఒకదాని కింద ఒకటి ఉండేవి. కిందది డాక్యుమెంటుకి, పైది ప్రోగ్రాంకి. వర్డ్ 2000 నుంచి ప్రతి డాక్యుమెంటుకీ దాని విండో వచ్చింది. ఎక్సెల్‌కి ఆ మార్పు 2013లో గానీ రాలేదు. అన్నేళ్లూ పై ఇంటూ నొక్కితే వర్డ్‌లో ఒక్క ఉత్తరం మూతపడేది, ఎక్సెల్‌లో తెరిచినవన్నీ పోయేవి.

పాతమౌస్:
చరిత్ర సరే, మెమరీ మాటకి జవాబు రాలేదు. మా సెక్షన్‌లో కొత్తగా చేరినావిడకి మ్యాక్ ఇచ్చారు. నాలుగు రోజులకే మెషీన్ నత్తలా నడుస్తోందని పిలిచారు. వెళ్లి చూస్తే కింద వరసలో పద్నాలుగు బొమ్మల కింద చుక్కలు, అంటే పద్నాలుగు ప్రోగ్రాంలు నడుస్తూనే ఉన్నాయి. "అన్నీ మూసేశాను కదండీ" అన్నారావిడ. ఆవిడ తప్పేముంది చెప్పండి?

మూడోకన్ను:
టెర్మినల్‌లో, అదే కమాండ్లు టైపు చేసే విండోలో, కంట్రోల్ డబ్ల్యూ కొడితే వెనకున్న మాట చెరుగుతుంది. అదే టెర్మినల్‌ని బ్రౌజర్‌లో తెరిచి కొడితే ట్యాబే పోతుంది. నాకు వారానికోసారి తప్పట్లేదు.

నీలిగీత:
మెమరీ, మెమరీ అని అక్కడే ఆగిపోయారు మీరు. నాకు పోయింది మెమరీ కాదండీ, మూడు గంటల పని. పక్క ఫైలు మూయబోయి రిపోర్టు మీద ఇంటూ నొక్కాను. మార్పులు సేవ్ చేయాలా, అవును, కాదు, రద్దు అని బాక్స్ వచ్చింది. వద్దు, మూయొద్దు అనుకుంటూ "కాదు" నొక్కేశాను. నా లెక్కన అది మూయడానికి "కాదు". దాని లెక్కన సేవ్ చేయడానికి "కాదు". ఒక్క క్షణంలో తెర ఖాళీ.

పాతమౌస్:
అది బాక్స్‌లో మాటలు సరిగా రాయనివాళ్ల తప్పు. ఇంటూది కాదు.

నీలిగీత:
ఎవరి తప్పయితేనేం, పోయింది నా పని! అసలు అడగడమెందుకు? దానంతట అదే దాచుకోవచ్చుగా?

పాతమౌస్:
అదే వద్దంటున్నాను! 2011లో మ్యాక్‌కి లయన్ అనే వెర్షన్ వచ్చాక, అందులో ఉత్తరాలు రాసుకునే టెక్స్ట్‌ఎడిట్ అడక్కుండానే సేవ్ చేసే పద్ధతి మొదలుపెట్టింది. నేను ఒక పాత ఒప్పందం తెరిచి, పేర్లు మార్చి, ప్రింట్ తీసుకుని మూసేశాను. సేవ్ చేయాలా అని అడుగుతుంది, వద్దందాం అనుకున్నాను. అడగలేదు. పాత ఒప్పందం మీదే కొత్త పేర్లు ఎక్కేశాయి.

నీలిగీత:
పాత వెర్షన్లు ఫైల్ మెనూలోనే ఉంటాయి, వెనక్కి తెచ్చుకోవచ్చు.

పాతమౌస్:
ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. తెలియాల్సిన అవసరం ఏమిటి? నా ఫైల్లో ఏం మారాలో నేను చెప్పాలి. ప్రోగ్రాం ఉంటే ఉండనివ్వండి, పోతే పోనివ్వండి, దాని గురించి ఇక వాదించను. నేను చెప్పకుండా నా ఫైలు ముట్టుకోకూడదు.

నీలిగీత:
నాకూ అంతే. ఇంటూ ఏం మూసినా సరే, నేను టైపు చేసింది మాత్రం పోకూడదు.

రాత్రిపని:
విండోస్ 11 నోట్‌ప్యాడ్ ఇప్పుడు మీ ఇద్దరికీ సరిపోయేలా ఉంది. మూస్తే ఏమీ అడగదు. మళ్లీ తెరిస్తే టైపు చేసింది అలాగే ఉంటుంది. కంట్రోల్ ఎస్ కొట్టేదాకా అసలు ఫైలు మారదు.

నీలిగీత:
నేను అడిగింది ఇదే!

పాతమౌస్:
ఫైలు ముట్టుకోవట్లేదు, మంచిదే. కానీ ఆ మెషీన్ నేను ఒక్కణ్నే వాడను, లాగిన్ కూడా అందరికీ ఒకటే. మూసేశాననుకుని లేచి వెళ్తాను. తర్వాత కూర్చున్నవాళ్లు నోట్‌ప్యాడ్ తెరిస్తే సగం రాసిన నా ఉత్తరం కళ్ల ముందుంటుంది.

రాత్రిపని:
సెట్టింగుల్లో మార్చుకోవచ్చు. ప్రతిసారీ కొత్తగా మొదలయ్యేలా పెట్టుకుంటే పాతది చూపించదు.

పాతమౌస్:
చూశాను, ఉంది. ఆ ఉత్తరం పక్కవాళ్ల కంట పడ్డాక గానీ ఆ సెట్టింగ్ కోసం వెతకాలని ఎవరికి తోస్తుంది?