4వ డౌన్, 3 యార్డులు, 2:11 మిగిలింది: లానింగ్ పంట్ చేయించాల్సిందా?

డక్స్_పోర్ట్‌లాండ్

2023 అక్టోబర్ 14, సియాటిల్‌లో ఒరెగన్-వాషింగ్టన్ అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్. వేరే చర్చల మధ్యలో ఈ తగువు ఎన్నిసార్లు లేచిందో లెక్క లేదు, అందుకే విడిగా పెడుతున్నా.

రెండు జట్లూ అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. వాషింగ్టన్ 7వ ర్యాంకు, ఒరెగన్ 8వ ర్యాంకు. ఒరెగన్ 33-29తో ముందుంది, బంతి వాళ్ల చేతిలోనే, వాషింగ్టన్ 47 గీత మీద ఉంది. 4వ డౌన్, 3 యార్డులు కావాలి, 2 నిమిషాల 11 సెకన్లు మిగిలాయి. ఒరెగన్ కోచ్ డాన్ లానింగ్ పంట్ (బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకు ఇచ్చేయడం) వద్దనుకుని ఆడించాడు. ఒరెగన్ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసేవాడు) బో నిక్స్ ట్రాయ్ ఫ్రాంక్లిన్‌కి వేసిన పాస్ నేలపాలైంది. ఆ తర్వాత వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ మైకేల్ పెనిక్స్‌కి రెండే రెండు ప్లేలు సరిపోయాయి. జాలిన్ పోక్‌కి 35 యార్డులు, రోమ్ ఒడూంజేకి 18 యార్డుల టచ్‌డౌన్ (బంతిని గోల్ గీత దాటించడం, తర్వాతి కిక్‌తో కలిపి 7 పాయింట్లు). 1:38 మిగిలుండగా స్కోరు 36-33. ఒరెగన్ మళ్లీ పోరాడి బంతిని ముందుకు తెచ్చింది కానీ ఆఖర్న కామ్డెన్ లూయిస్ కొట్టిన 43 యార్డుల ఫీల్డ్ గోల్ (గోల్ స్తంభాల మధ్యకు కొట్టే కిక్, 3 పాయింట్లు) కుడిపక్కకు పోయింది.

బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వైపు నుంచి కొత్తగా ఈ ఆట చూస్తున్నవాళ్ల కోసం ఒక్క మాట. 10 యార్డులు దాటడానికి 4 అవకాశాలుంటాయి. 4వది విఫలమైతే బంతి ఎక్కడ ఆగిందో అక్కడినుంచే అవతలి జట్టు మొదలుపెడుతుంది. అందుకే 4వ డౌన్‌లో మామూలుగా పంట్ కొట్టి వాళ్లను వెనక్కి నెడతారు.

నా వాదన సూటిగా చెబుతా. ఆధిక్యం 4 పాయింట్లు. అంటే వాషింగ్టన్‌కి ఫీల్డ్ గోల్ పనికిరాదు, టచ్‌డౌనే కావాలి. అలాంటప్పుడు వాళ్లు నడవాల్సిన దూరమే మన రక్షణ. మంచి పంట్ పడితే 90 యార్డులు నడవాలి, బంతి ఎండ్ జోన్‌లోకి (గోల్ గీత వెనకున్న భాగం) దొర్లిపోయినా 20 దగ్గర పెడతారు కాబట్టి 80. ఆ దూరాన్ని మనమే 53 చేసి ఇచ్చాం.

లెక్కల_మాస్టారు

దూరం గురించి మీరన్నది నిజమే, కానీ లెక్కలో అది సగమే. మూడు అంకెలు తీసుకోండి. ఫస్ట్ డౌన్ వస్తే (అంటే ఆ 3 యార్డులు దొరికి మళ్లీ 4 అవకాశాలు వస్తే) గెలిచే అవకాశం, పంట్ కొడితే గెలిచే అవకాశం, ప్రయత్నం విఫలమైనా గెలిచే అవకాశం. పంట్ అంకెలోంచి విఫలమైన అంకె తీసేయండి. ఫస్ట్ డౌన్ అంకెలోంచి కూడా విఫలమైన అంకె తీసేయండి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే, ఆ 3 యార్డులు ఎంత శాతం దొరికితే ఆడటం గిట్టుబాటో వస్తుంది.

నా అంచనా: ఫస్ట్ డౌన్ వస్తే 97, పంట్ కొడితే 75, విఫలమైతే 60. అంటే 15ని 37తో భాగించాలి, 40 శాతం పైచిలుకు. 3 యార్డులు ఆ మాత్రం దొరకవా నిక్స్ లాంటి క్వార్టర్‌బ్యాక్‌కి?

అవతల ఉన్నది పెనిక్స్ అన్న సంగతి మరిచిపోవద్దు. 2 నిమిషాలుంటే 85 యార్డులు అతనికి అసాధ్యం కాదు. పైగా చివరి 2 నిమిషాల్లో ఫస్ట్ డౌన్ వచ్చిన ప్రతిసారీ కాలేజీ ఆటలో గడియారం కాసేపు ఆగుతుంది. మిగతా సమయంలో ఆగకూడదని 2023లోనే నియమం మార్చారు, చివరి 2 నిమిషాలకు మాత్రం పాత పద్ధతే ఉంచారు. పంట్ పడేసరికి గడియారం 2:03 దగ్గర ఉంటుంది, అంటే దాదాపు ఆ డ్రైవ్ (బంతి చేతిలో ఉన్నంతసేపు ఆడే ప్లేల వరస) మొత్తం పాత పద్ధతిలోనే నడుస్తుంది.

పంట్‌పక్షం

మాస్టారూ, మీ 60 దగ్గరే నాకు అభ్యంతరం. అంత బలమైన అటాక్‌కి 53 యార్డులు, 2 నిమిషాలు ఇచ్చాక మనం గెలిచే అవకాశం సగమే అంటాను. పంట్ కొడితే 80, ఫస్ట్ డౌన్ వస్తే 96 వేసుకుంటా. 30ని 46తో భాగిస్తే 65 శాతం వస్తుంది. 4వ డౌన్‌లో 3 యార్డులు మూడింట రెండుసార్లు దొరుకుతాయని ఏ కోచూ ధీమాగా చెప్పలేడు. అందులోనూ అదే రోజు అదే 3 యార్డులు అంతకుముందు రెండుసార్లు దొరకలేదు.

ఇంకో సంగతి, అప్పటికి ఒరెగన్ డిఫెన్స్ ఊపుమీదుంది. ఆరున్నర నిమిషాలు మిగిలున్నప్పుడు 1 యార్డు గీత మీద వాషింగ్టన్ 4వ డౌన్ ఆడితే ఆపేశారు కదా. ఒరెగన్ ఆ డ్రైవ్ మొదలుపెట్టిందే అక్కడ్నుంచి. సొంత గోల్ గీత నుంచి అవతలి 47 దాకా లాక్కొచ్చిన డ్రైవ్‌ని పంట్‌తో ముగిస్తే పరువు తక్కువేమీ కాదు.

గడియారం40

ఫస్ట్ డౌన్ వస్తే మ్యాచ్ అయిపోయినట్టే అని అందరూ అనేస్తున్నారు. అది అవతలివాళ్ల టైమ్‌అవుట్లను బట్టి ఉంటుంది. 2023 నియమాలతో లెక్క ఇది.

2:05 దగ్గర ఫస్ట్ డౌన్ వచ్చిందనుకోండి, మన ఆటగాడు మైదానం లోపలే పడ్డాడు. 2 నిమిషాల పైనే ఉంది కాబట్టి గడియారం ఆగదు. ప్లే క్లాక్ (తర్వాతి ప్లే మొదలుపెట్టడానికి ఇచ్చే గడువు) 40 సెకన్లు, అందులో 39 కరగనిచ్చి స్నాప్ తీసుకోవాలి, అంటే ప్లే మొదలుపెట్టాలి. నీల్ చేస్తే (బంతి పట్టుకుని మోకాలు ఆనించి ప్లే ముగిస్తే) ఒక్కోటి 2 సెకన్లు. మూడుసార్లు నీల్ చేస్తే మొత్తం నాలుగు విరామాలు: మొదటి నీల్‌కి ముందొకటి, ప్రతి నీల్ తర్వాత ఒక్కోటి. అవతల టైమ్‌అవుట్లు లేకపోతే మూడో నీల్ తర్వాతి విరామంలోనే గడియారం సున్నా. ఒక్కటుంటే 4వ డౌన్‌కి 2 సెకన్లు మిగులుతాయి, అదీ అయిపోయినట్టే. రెండుంటే 41 సెకన్లు, మూడుంటే 80. అప్పుడు మళ్లీ పంట్ కొట్టాల్సిందే.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. 3 యార్డులు దొరికాక ఆటగాడు గీత బయటికి పరిగెత్తకూడదు. 2 నిమిషాల పైనుంటే రెఫరీ సైగతో గడియారం మళ్లీ కదులుతుంది కానీ, 2 నిమిషాల లోపలైతే తర్వాతి స్నాప్ దాకా కదలదు. ఆ ఒక్క అడుగు అవతలివాళ్లకు ఉచితంగా ఇంకో టైమ్‌అవుట్ ఇచ్చినట్టు.

డక్స్_పోర్ట్‌లాండ్

ఈ లెక్క బాగుంది. పంట్ కాకపోయినా ఇంకో దారి కూడా ఉంది కదా: లైన్‌లో నిలబడి, గొంతు పెంచి, అవతలివాళ్లు ముందుకు దూకేలా చేయడం. వాళ్లు ఆఫ్‌సైడ్ అయితే 5 యార్డులు, మనకి కావాల్సింది 3, ఫస్ట్ డౌన్ చేతికొచ్చినట్టే. దూకకపోతే ప్లే క్లాక్ అయిపోయి 5 యార్డులు వెనక్కి వెళ్తాం, బంతి మన 48 మీదికి వస్తుంది. పంటర్‌కి అది మేలే, ఎండ్ జోన్‌లోకి పోకుండా కొట్టడానికి చోటు పెరుగుతుంది.

హస్కీ_బెల్‌వ్యూ

వేరే ఊళ్లో అయితే అదే చేయొచ్చు. హస్కీ స్టేడియంలో (సియాటిల్‌లో వాషింగ్టన్ సొంత మైదానం) రెండు పక్కలా స్టాండ్ల మీద ముందుకు వంగిన కప్పులున్నాయి, జనం అరుపు పైకి పోకుండా మైదానంలోకే తిరిగొస్తుంది. ఆ సమయంలో క్వార్టర్‌బ్యాక్ గొంతు పక్కనున్న గార్డ్‌కే వినబడదు. బయటి జట్లు అక్కడ సైలెంట్ కౌంట్‌తో (గొంతు లేకుండా సైగలతో ప్లే మొదలుపెట్టడం) ఆడేది అందుకే. గొంతే వినిపించని చోట గొంతుతో మోసం చేయలేం. మన లైన్‌లోని ట్యాకిలే ముందు కదిలితే ఆ 3 యార్డులు 8 అవుతాయి.

లెక్కల_మాస్టారు

అసలు తప్పు 2:11 దగ్గర జరగలేదని నా గట్టి నమ్మకం. ఫస్ట్ హాఫ్ ఆఖరి ప్లే చూడండి. ఒరెగన్ 18-22తో వెనకబడి ఉంది, బంతి గోల్‌కి 3 యార్డుల దూరంలో, 4వ డౌన్. అక్కడ ఫీల్డ్ గోల్ కొడితే 20 యార్డులే, దాదాపు ఖాయం. లానింగ్ టచ్‌డౌన్‌కి వెళ్లాడు, దొరకలేదు.

గోల్ దగ్గర 4వ డౌన్ ఆడమని లెక్కలు చెప్పడానికి పెద్ద కారణం ఒకటుంది. విఫలమైనా అవతలి జట్టు తన 3 యార్డుల గీత మీద ఇరుక్కుని మొదలుపెట్టాలి, బంతి త్వరగా మన చేతికి తిరిగొస్తుంది. హాఫ్ ఆఖరి ప్లేలో ఆ లాభం సున్నా. గడియారం అయిపోయింది, ఎవరూ ఎక్కడా ఇరుక్కోరు. మిగిలేది ఒట్టి 7కి 3కి మధ్య బేరం. 3ని 7తో భాగిస్తే 43 శాతం. 3 యార్డులే అయినా, వెనక ఎండ్ జోన్ 10 యార్డులే ఉంటుంది కాబట్టి డిఫెన్స్ అంతా ముందుకొచ్చి కూర్చుంటుంది. మైదానం మధ్యలో 3 యార్డులకంటే గోల్ దగ్గర 3 యార్డులు కష్టం.

థర్డ్ క్వార్టర్‌లో 8 గీత దగ్గర మళ్లీ 4వ డౌన్, మళ్లీ 3 యార్డులు, మళ్లీ విఫలం. అది 25 యార్డుల ఫీల్డ్ గోల్ అయ్యేది. మ్యాచ్ పోయింది 3 పాయింట్లతో. ఆ 6 పాయింట్లు వచ్చుంటే తర్వాత ఆట అచ్చం అలాగే సాగేదని నేననను, స్కోరు మారితే రెండు జట్ల ప్లేలూ మారతాయి. కానీ ఆ మూడింటిలో దేన్ని తప్పుపట్టాలంటే, నా ఓటు హాఫ్ ఆఖరిదానికే. జనానికి గుర్తున్నది మాత్రం చివరిది.

పంట్‌పక్షం

హాఫ్ సంగతి ఒప్పుకుంటా. కానీ ఒకటి తప్పయితే ఇంకోటి ఒప్పయిపోదు.

కొత్తపేట_కోచ్

ఫలితం చూసి నిర్ణయాన్ని కొలుస్తున్నారు అందరూ. 2007 టీ20 ఫైనల్లో జోగిందర్ శర్మకి ధోనీ ఆఖరి ఓవర్ ఇచ్చాడు, 13 పరుగులు కావాలి. మిస్బా కొట్టిన ఆ స్కూప్ శ్రీశాంత్ చేతుల్లో పడింది కాబట్టి మేధావి అన్నాం. తల మీదుగా దాటిపోయుంటే ఏమనేవాళ్లం?

గడియారం40

ఆ పోలిక ఇక్కడ కుదరదు అన్నా. ధోనీ ముందున్నవి రెండే దారులు: అంతకుముందే మిస్బా చేతిలో మూడు సిక్సర్లు తిన్న హర్భజన్, లేదా జోగిందర్. రెండింటిలోనూ ప్రమాదముంది. లానింగ్ ముందు మాత్రం ప్రమాదం తక్కువున్న దారి ఒకటి తెరిచే ఉంది.

నిర్ణయమే తప్పు అని ఫలితం చూడకుండా చెప్పగల మ్యాచ్ కావాలంటే సరిగ్గా వారం ముందు జరిగింది. అక్టోబర్ 7న మయామీ 20-17తో ముందుంది, 3వ డౌన్, గడియారంలో 40 సెకన్ల కంటే తక్కువ, జార్జియా టెక్ దగ్గర టైమ్‌అవుట్లు లేవు. ఒక్క నీల్ చాలు, మ్యాచ్ ముగిసేది. మయామీ కోచ్ మారియో క్రిస్టోబాల్ పరుగు ఆడించాడు, డాన్ చేనీ చేతిలోంచి బంతి జారింది. టెక్ 74 యార్డులు కొట్టి 23-20తో గెలిచింది. అక్కడ 40లోంచి మిగిలిన సెకన్లు తీసేస్తే చాలు, శాతాల లెక్కే అక్కర్లేదు. బంతి జారకపోయినా అది తప్పే.

డక్స్_పోర్ట్‌లాండ్

క్రిస్టోబాల్ ఒరెగన్‌లో ఉన్నప్పుడు, 2018లో స్టాన్‌ఫర్డ్ మీద కూడా ఇదే జరిగింది. 31-28 ఆధిక్యం, నిమిషం కూడా లేదు, ఒరెగన్ ఆటగాడు వెర్డెల్ చేతిలోంచి బంతి జారింది, చివరికి ఓవర్‌టైమ్‌లో 38-31తో ఓటమి. అది చూసిన ఒరెగన్ అభిమానికి ఆఖరి నిమిషాల్లో తెగువ అంటేనే గుండె దడ.

హస్కీ_బెల్‌వ్యూ

ప్లే కాల్ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆడాలని నిర్ణయించుకున్నాక 3 యార్డులు చాలా ఇబ్బందికరమైన దూరం. స్నీక్‌కి (క్వార్టర్‌బ్యాక్ తనే ముందుకు తోసుకుపోవడం) ఎక్కువ, పరుగుకి అనుమానం, పాస్ వేస్తే రిసీవర్ కనీసం 4 యార్డులు దాటి తిరగాలి, 2 దగ్గర తిరిగితే బంతి పట్టినా ఫలితం లేదు. నిక్స్ కాళ్లున్న క్వార్టర్‌బ్యాక్. అతన్ని ఒక పక్కకు పరిగెత్తిస్తూ, అదే పక్క పొట్టి రూట్ (రిసీవర్ పరిగెత్తే దారి) ఒకటి, దాని వెనక కాస్త పొడుగుది ఒకటి పెడితే, బంతి వేయాలా పరిగెత్తాలా అన్నది అతని చేతిలో ఉంటుంది. లోపం ఏమిటంటే సగం మైదానం మనమే వదిలేసుకున్నట్టు అవుతుంది. నేనైతే బంతితో పరిగెత్తే బకీ ఇర్వింగ్‌ని వెనక ఉంచి, పరుగులా కనబడేలా మొదలుపెట్టి ఆడించేవాణ్ణి.

లెక్కల_మాస్టారు

ఇంకొకటి. ప్రయత్నం విఫలమైనా మ్యాచ్ అక్కడే ముగియలేదు. 53 యార్డులు రెండు ప్లేల్లో ఇవ్వడం డిఫెన్స్ లోపం. కానీ అంత త్వరగా ఇవ్వడం వల్లే 1:38 మిగిలి, 43 యార్డుల కిక్ దాకా వెళ్లగలిగారు. పంట్ కొట్టాక పెనిక్స్ నిదానంగా 85 యార్డులు నడిచి 10 సెకన్లుండగా స్కోర్ చేస్తే ఒరెగన్ చేతికి ఏం మిగిలేది? విఫలమైనా నేను 60 వేసింది ఈ ధైర్యంతోనే. దగ్గర నుంచి స్కోర్ చేస్తే మనకి సమయం తిరిగొస్తుంది.

పంట్‌పక్షం

నిదానంగా 85 యార్డులు నడవాలంటే ఎనిమిదో పదో ప్లేలు కావాలి. ఒక్కో ప్లేలో ఒక సాక్ (పాస్ వేయకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడేయడం), ఒక పెనాల్టీ, ఒక చేజారిన పాస్ జరిగే వీలుంది. అవన్నీ మనకి ఉచితంగా వచ్చే అవకాశాలు. రెండు ప్లేల్లో అలాంటివి రెండే.

డక్స్_పోర్ట్‌లాండ్

హాఫ్ ఆఖరి ప్లే విషయంలో మాస్టారి మాటే సరైనది, నా లెక్కలో అది ఇన్నాళ్లూ లేదు. ఓడాక లానింగ్ కూడా బాధ్యత తనమీదే వేసుకున్నాడు, ఆ గౌరవం అతనికి ఇవ్వాలి. 2:11 దగ్గర మాత్రం నావి పంట్‌పక్షం గారి అంకెలే: 96, 80, 50. నిక్స్ 65 శాతం సాధిస్తాడని ఎవరైనా చూపిస్తే మారతా, అందాకా పంటే.