అరగంటకే తీసేయాలనిపించే హెడ్‌ఫోన్‌కి సౌండ్‌లో పదికి తొమ్మిదా?

మెత్తచెవి
ఏ రివ్యూ చూసినా సౌండ్‌కి ఒక మార్కు, సౌకర్యానికి ఇంకో మార్కు. సౌండ్ గురించి నాలుగు పేజీలు రాస్తారు. సౌకర్యం దగ్గరికి వచ్చేసరికి "కాస్త బరువే గానీ అలవాటైపోతుంది" అని ఒక్క ముక్కతో సరి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 బరువు 260 గ్రాములు, ఆడిజీ ఎల్‌సీడీ-ఎక్స్ 612 గ్రాములు. ఇది ఒక్క ముక్కలో తేలే తేడానా?

నా వాదన ఇది: చెవి చుట్టూ కూర్చునే ఓవర్-ఇయర్ హెడ్‌ఫోన్లలో సౌండ్, సౌకర్యం వేరు కావు. ప్యాడ్ చెవి చుట్టూ సందు లేకుండా కూర్చుంటేనే లోపలి గాలి మీద డ్రైవర్‌కి (కప్‌లో మోగే చిన్న స్పీకర్‌కి) పట్టు దొరుకుతుంది. సందు పడితే ముందు పోయేది లోతు బాస్. దాని కోసం బిగుతు పెంచితే దవడ నొప్పి. మార్కులు విడివిడిగా వేసేదెలా?

కొలబద్ద
విడిగా వేయకపోతేనే తప్పు. సౌండ్ కొలిచి చూపించగలిగేది, సౌకర్యం తలతలకీ మారేది. రెండూ కలిపేస్తే మిగిలేది ఎవరికీ పనికిరాని అంకె.

అసలు ముందు పోలిక సరిగ్గా చేయండి. వాల్యూమ్ నాబ్ ఒకే చోట ఉంచి రెండు హెడ్‌ఫోన్లు మార్చి మార్చి వింటే, గెలిచేది గట్టిగా మోగేదే. 1 డెసిబెల్ ఎక్కువుంటే చెవికి "గట్టిగా ఉంది" అని తోచదు, "క్లియర్‌గా ఉంది, బాస్ నిండుగా ఉంది" అనిపిస్తుంది. గట్టి అట్టకి కన్నం చేసి అందులో మైక్ కూర్చోబెట్టండి. ఒక్కో కప్‌నీ దాని మీద ఆనించి, పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన పరీక్ష హోరు) పెట్టి, రెండూ అర డెసిబెల్ లోపలికి వచ్చేదాకా వాల్యూమ్ సర్దండి. హెడ్‌ఫోన్ ఒకటే, యాంప్‌లు (యాంప్లిఫయర్లు) రెండు అయితే ప్లగ్ దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజీ చూస్తే చాలు. తేడా 1 శాతానికి మించకపోతే 0.1 డెసిబెల్ లోపలే ఉన్నట్టు. మామూలు మీటర్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీలో తప్పు చూపిస్తాయి, టోన్ 400 హెర్ట్జ్ దాటనివ్వకండి.

ఇంత చేశాక కూడా బాగుందనిపిస్తే అది సౌండ్. దవడ నొప్పి వేరే కాలమ్.

కళ్లజోడు
అట్ట మీద సందు ఉండదు సార్, మా కళ్లజోడు కాడ దగ్గర ఉంటుంది. పరీక్ష సులువు. 40 హెర్ట్జ్ టోన్ చిన్నగా పెట్టండి. రెండు కప్‌లనూ వేళ్లతో మెల్లగా లోపలికి అదమండి, గట్టిగా కాదు, ప్యాడ్ ఒక్క మిల్లీమీటరు కుంగేంత. టోన్ పెరిగితే అంతవరకూ లీకవుతున్నట్టే. కళ్లజోడు తీసి మళ్లీ అదే చేస్తే తేడా తెలిసిపోతుంది. మూసి ఉన్న మోడల్స్‌లో, తోలు ప్యాడ్ గట్టిపడిన వాటిలో ఇది మరీ ఎక్కువ.

ఒకేమాట
ఆవలించి కూడా చూడండి. నోరు తెరిచినప్పుడల్లా బాస్ ఊగితే ప్యాడ్ దవడ కీలు మీద కూర్చున్నట్టు.

కొలబద్ద
లీక్ అనేది పెట్టుకున్న పద్ధతిలో లోపం, హెడ్‌ఫోన్‌లో కాదు. నాయిస్ క్యాన్సిలింగ్ వాటిలో కప్ లోపలి మైక్ ఆ లోటును కొంత పూడ్చుతుంది కూడా.

ఇక ఆ 612 గ్రాముల గోల. బరువు వేరు, ఒత్తిడి వేరు. బిగుతు మోసే వాటా పక్కన పెట్టి లెక్కేయండి. 612 గ్రాములు 10 చదరపు సెంటీమీటర్ల సన్న మెత్త మీద నిలిస్తే నడినెత్తి మీద చదరపు సెంటీమీటరుకు 61 గ్రాములు. అదే బరువు 4 సెంటీమీటర్ల వెడల్పు, 12 పొడవు ఉన్న వేలాడే పట్టీ మీద పరుచుకుంటే 13 గ్రాములే. ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ 385 గ్రాములున్నా నెత్తి మీద వల ఉంది. సోనీ ఎక్స్‌ఎం5 250 గ్రాములే. ఉత్త గ్రాములు చూసి ఏది హాయో చెప్పగలరా?

మెత్తచెవి
గ్రాముల మాట ఒక్కసారి ఎత్తితే దాన్నే పట్టుకుని వేలాడుతున్నారు. సరే, గ్రాములు వదిలేద్దాం. ఎలా చూడాలో చెబుతా, మీ కొలతలంత కచ్చితంగానే.

5 నిమిషాలకు, 30కి, 90కి ఆగి, ఎక్కడ ఏముందో రాసుకోవాలి. "నొప్పిగా ఉంది" అంటే సరిపోదు. నడినెత్తి మీద ఒక్క బిందువు దగ్గర మంటగా ఉంటే మెత్త సన్నం, లేదా పట్టీ పొట్టి. ఒక మెట్టు దించి చూడాలి. చెవి ముందు, దవడ కీలు దగ్గర నొక్కితే బిగుతు ఎక్కువ. చెవి కింద వదులుగా ఉండి పైన మాత్రమే నొక్కితే కప్ తిరగాల్సినంత తిరగడం లేదు, బిగుతు తగ్గించినా లాభం లేదు. చెవి అంచు లోపలి గుడ్డకి తగిలితే ప్యాడ్ లోతు చాలదు. ఇదే అన్నిటికంటే మోసం: 5 నిమిషాలకు తెలియదు, 40 నిమిషాలకు చెవి ఎర్రబడుతుంది. చెమట అయితే తోలు ప్యాడ్ పని. వెల్వెట్ వేస్తే చల్లగా ఉంటుంది, కానీ గుడ్డలోంచి గాలి జారి బాస్ తగ్గుతుంది.

చూశారా, మళ్లీ సౌండ్ దగ్గరికే వచ్చాం.

ఓల్టు
ఏ యాంప్‌తో విన్నారో చెప్పకుండా సౌండ్ గురించి ఇంత చర్చా? హెచ్‌డీ 600 ఇంపెడెన్స్ (కరెంటుకి అది ఇచ్చే అడ్డు) పేరుకి 300 ఓమ్‌లు, కానీ 100 హెర్ట్జ్ చుట్టుపక్కల అది 500 దాకా ఎగబాకుతుంది. కొన్ని పాత రిసీవర్ జాక్‌లలో 120 ఓమ్‌ల అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (యాంప్ వైపు అడ్డు) ఉంటుంది. మిడ్స్‌లో (మధ్య ఫ్రీక్వెన్సీల్లో) నష్టం 2.9 డెసిబెల్, ఆ శిఖరం దగ్గర 1.9. అంటే బాస్ 1 డెసిబెల్ ఉబ్బింది. దాన్నే "వెచ్చని సౌండ్" అని రాసేస్తారు. ప్లేనార్‌లో (కోన్ బదులు పల్చటి పొర మోగే రకంలో) ఇంపెడెన్స్ దాదాపు సమంగా ఉంటుంది కాబట్టి ఈ మాయ జరగదు.

పవర్ సంగతీ అంతే. హెచ్‌డీ 600కి 1 వోల్టుకి 97 డెసిబెల్. ఫోన్‌కి తగిలించే డాంగిల్ ఇచ్చేది 1 వోల్టే అయితే అక్కడితో సరి. 110 డెసిబెల్ శిఖరాలు కావాలంటే 4.5 వోల్టులు, అంటే 67 మిల్లీవాట్లు.

మెత్తచెవి
లెక్క కరెక్టే ఓల్టు గారూ, కానీ మాట ప్యాడ్ గురించి.

పాతప్యాడ్
ఎవరూ అనని మాట ఒకటి. రివ్యూ రాసేది కొత్త ప్యాడ్లతో. హెచ్‌డీ 600, 650 ప్యాడ్లలో స్పాంజి అణిగిపోతే చెవి డ్రైవర్‌కి దగ్గరవుతుంది, టోన్ మారుతుంది. చెవి గుడ్డకి తగలడం మొదలైందంటే మార్చే టైమ్ వచ్చినట్టే. అప్పటికి ఆ తొమ్మిది మార్కులు ఏ హెడ్‌ఫోన్‌కి వేసినట్టు?

కొలబద్ద
ప్యాడ్లు అరిగితే మార్చుకోవాలి. టైరు అరిగిందని ఇంజన్‌కి మార్కులు తగ్గిస్తామా?

మెత్తచెవి గారూ, మీ 90 నిమిషాల పద్ధతి సౌకర్యానికి బాగుంది, ఒప్పుకుంటా. సౌండ్‌కి మాత్రం అక్కర్లేదు. చెవి అలసట కూడా ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా మోగుతుందో చూపే గ్రాఫ్‌లో కనిపిస్తుంది. బేయర్‌డైనమిక్ డీటీ 990కి 8 కిలోహెర్ట్జ్ దగ్గర ట్రెబుల్ లేచి ఉంటుంది. పది నిమిషాల డెమోలో అది "వివరం" అనిపిస్తుంది, గంటకి "స" అన్న ప్రతిచోటా సూదిలా గుచ్చుతుంది. గ్రాఫ్ చూస్తే ముందే తెలిసిపోయేది.

మెత్తచెవి
అదే కదా! మీరే అన్నారు, గంటకి గుచ్చుతుందని. ఆ గంట సేపు ఎవరో ఒకరు పెట్టుకుంటేనే కదా తెలిసింది? పైగా 8 కిలోహెర్ట్జ్ పైన మీ గ్రాఫ్ ఎంతవరకు నమ్మాలి? కొలతల్లో చెవి బదులు వాడే పరికరం, ఐఈసీ 60318-4 కప్లర్ ప్రమాణం, చెవికి ప్రతినిధిగా నిలబడేది 10 కిలోహెర్ట్జ్ దాకానే. హెడ్‌ఫోన్ ఒక్క అర సెంటీమీటరు ముందుకు జరిపి మళ్లీ కొలిస్తే పైనున్న గుంటలన్నీ చోటు మారతాయి. అందుకే మీరు ఐదుసార్లు తీసి పెట్టి సగటు గీస్తారు. మీరు కొలిచే బొమ్మ తలకి జుట్టు లేదు, కళ్లజోడు లేదు, దవడ కదలదు. ఆ గీత కూడా ఒక తల అభిప్రాయమే, కాకపోతే సిలికాన్ తల.

కొలబద్ద
వచ్చిందండీ, "గ్రాఫులు అబద్ధం" పాట. పోయినసారి నా గ్రాఫుల థ్రెడ్ కింద కూడా ఇదే పాట పాడి, ఒక్క కొలత పెట్టకుండా వెళ్లిపోయారు. హర్మన్ టార్గెట్ (హెడ్‌ఫోన్ ఎలా మోగితే ఎక్కువమందికి నచ్చుతుందో చూపే గీత) గాల్లోంచి ఊడిపడలేదు, చాలామందిని కూర్చోబెట్టి ఏది నచ్చిందో అడిగి తీసింది.

మెత్తచెవి
అబద్ధమని ఎక్కడన్నాను సార్? చూపించండి. చాలామందిని అడిగి తీసింది గనకే అది సగటు. బాస్ ఇంకా కావాలన్నవాళ్లూ ఉన్నారు, వద్దన్నవాళ్లూ ఉన్నారు. మీ అసలు కోరిక సౌండ్ కొలవడం కాదు. అన్ని హెడ్‌ఫోన్లనూ పైనుంచి కిందికి ఒకే వరసలో నిలబెట్టడం. సౌకర్యం లోపలికొస్తే ఆ వరస నిలవదు, అందుకే దాన్ని పక్క కాలమ్‌లోకి గెంటేస్తున్నారు.

కొలబద్ద
అవును, వరస కావాలి. దాచుకోను. వేల మోడల్స్ ఉన్నాయి, వినడానికి దొరికేవి రెండో మూడో. దూరం నుంచి ఎంచుకునేవాడికి చేతిలో ఏదో ఒక వరస ఉండాలి. మనిషిని బట్టి మారే అంకెతో వాడేం చేసుకుంటాడు? మీలాగా "నీ తల మీద పెట్టి చూడు" అనడం తేలిక, పెట్టి చూడ్డానికి దొరకాలి కదా.

మెత్తచెవి
దొరకదు కాబట్టే ఇంకా రాయాలంటున్నాను. ప్యాడ్ లోపల పొడవు, వెడల్పు, చెవి నుంచి గుడ్డకి లోతు, బిగుతు న్యూటన్లలో. హెచ్‌డీ 600కి 2.5 న్యూటన్లని తయారీదారే ఇస్తున్నాడు కదా. ఇవీ అంకెలే. తన చెవి 6.5 సెంటీమీటర్లని స్కేలు పెట్టి చూసుకున్నవాడికి 6 సెంటీమీటర్ల ప్యాడ్ వద్దని వినకుండానే తెలుస్తుంది.

కొలబద్ద
అవి పెడితే నాకు అభ్యంతరం లేదు. వేరే కాలమ్‌లో.

కళ్లజోడు
కళ్లజోడుతో ఒక గీత, లేకుండా ఒక గీత కూడా గీయండి కొలబద్ద గారూ. బొమ్మ తలకి పాత ఫ్రేమ్ ఒకటి తగిలిస్తే చాలు.

కొలబద్ద
అది చేస్తాను.

కొత్తవాడు
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. బిగుతు తగ్గించడానికి పుస్తకాల దొంతరకి తొడిగి ఉంచాలంటారు కదా, ఎంత వెడల్పు?

పాతప్యాడ్
తల వెడల్పు కొలుచుకుని దానికంటే 1 సెంటీమీటరు ఎక్కువ, ఒక రాత్రి. పొద్దున పెట్టి చూసి చాలకపోతే ఇంకో అర సెంటీమీటరు. ప్యాడ్లు పుస్తకాల అంచుకి ఒరుసుకోకుండా బల్లపరుపుగా ఆనాలి. సాగాల్సింది లోపలి స్టీలు పట్టీ, ప్లాస్టిక్ కీలు దగ్గర మాత్రం చేత్తో వంచొద్దు, విరుగుతుంది. ఒక్కో రాత్రి తర్వాత కళ్లజోడు గారు చెప్పిన 40 హెర్ట్జ్ పరీక్ష చేయండి. అదిమినప్పుడు టోన్ పెరగడం మొదలైందా, అక్కడితో ఆపేయండి.