మందు పేరులో ఆ ‘లీవో’ ఏంటి? నాన్నగారి మాత్రకీ పెసరట్టుకీ ఏమైనా సంబంధం ఉందా?

నాన్న_కోసం, తెనాలి

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 71 ఏళ్ళు, లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. నాలుగేళ్ళుగా పార్కిన్సన్స్. సిండోపా ప్లస్ రోజుకు నాలుగుసార్లు వేస్తున్నాం. పొద్దున ఎనిమిదింటికి టిఫిను కాగానే మొదటి మాత్ర ఇస్తాను. తొమ్మిదింటికల్లా నడక తేలికవ్వాలి. కొన్ని రోజులు మాత్రం అసలు వేయనట్టే ఉంటుంది. వంటింటి గడప దాకా వచ్చి, కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు నిలబడిపోతారు. ఉప్మా చేసిన రోజు బాగుంటారు, పెసరట్టు వేసిన రోజు ఇలా అవుతుంది. నా భ్రమేమో అని నెల రోజులు డైరీ రాశాను. భ్రమ కాదు.

అట్ట మీద లీవోడోపా 100, కార్బిడోపా 25 అని ఉంది. ‘లీవో’ అంటే ఏమిటో కనుక్కోమన్నారు నాన్నగారు. “మెదడులో కదలికలను నడిపించే డోపమిన్ అనే రసాయనం తగ్గింది అంటున్నారు కదా, మరి డోపమినే ఇవ్వచ్చుగా?” అని కూడా అడిగారు. నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్ళు చెబుతారా?

జీడిమెట్ల_కెమిస్ట్

అమ్మా, మీ డైరీ చెబుతున్నది నిజం. మీ నాన్నగారి ప్రశ్నకీ పెసరట్టుకీ జవాబు ఒకటే. నేను డాక్టర్ని కాను. మందుల ముడిసరుకు తయారుచేసే యూనిట్లలో 22 ఏళ్ళు పనిచేశాను, ఆ వైపు నుంచి చెబుతాను.

నాన్నగారి చెప్పుల జత చూడండి. తోలు ఒకటే, కుట్టు ఒకటే, బరువు ఒకటే. అయినా ఎడమ చెప్పు కుడి కాలికి పట్టదు. డోపా అణువు కూడా అలా జతగా ఉంటుంది. ఏ పరమాణువు దేనికి అతికి ఉందో చూస్తే తేడా కనిపించదు, అమరికలో మాత్రం ఒకటి రెండోదానికి అద్దంలో బొమ్మ. ‘లీవో’ అంటే ఎడమ. ధ్రువిత కాంతిని, అంటే ఒకే దిశలో కంపించే కాంతిని, ఎడమవైపుకు తిప్పేది లీవోడోపా.

రక్తంలో ఉన్నదల్లా మెదడులోకి పోకుండా ఒక అడ్డుగోడ ఉంది. డోపమిన్ దాన్ని దాటలేదు, అందుకే నేరుగా ఇవ్వరు. లీవోడోపా ఒక అమైనో ఆమ్లం. మనం తిన్న ప్రొటీను అరిగితే వచ్చే అమైనో ఆమ్లాలను లోపలికి పంపే ద్వారాలు ఆ గోడలో ఉన్నాయి. ఆ దారినే లీవోడోపా కూడా వెళ్ళి, లోపల డోపమిన్‌గా మారుతుంది. మార్చే ఎంజైము ఎడమ రకాన్నే పడుతుంది, కుడి రకాన్ని ముట్టదు.

ఇక పెసరట్టు. పెసల ప్రొటీనులోని అమైనో ఆమ్లాలు కూడా ఎడమ రకమే. లూసిన్, ఫినైల్ అలనిన్ లాంటివి అదే ద్వారం దగ్గర మందుతో పోటీపడతాయి, ముందు పేగులో, తర్వాత మెదడు గోడ దగ్గర. ఉప్మాలో ప్రొటీను తక్కువ, పోటీ తక్కువ. ఏ ఎడమతనం వల్ల మందు లోపలికి పోగలుగుతోందో, దానివల్లే తిండితో తగువు వస్తోంది. అలాగని పప్పు మానిపించకండి, ఈ వయసులో ఒంట్లో కండ తగ్గిపోతుంది. మాత్రను తిండికి అరగంట ముందో, తిండి అయిన గంట తర్వాతో వేయమని సాధారణంగా చెబుతారు. మీ డాక్టరు గారికి డైరీ చూపించి టైము మార్చుకోండి.

కార్బిడోపా కాపలాదారు లాంటిది. ఆ ఎంజైము ఒళ్ళంతా ఉంటుంది కాబట్టి, లీవోడోపా ఒక్కటే వేస్తే చాలావరకు దారిలోనే డోపమిన్‌గా మారిపోతుంది, వాంతులవుతాయి. కార్బిడోపా బయట ఆ ఎంజైమును ఆపుతుంది. అది మెదడులోకి వెళ్ళలేదు కాబట్టి లోపలి పని చెడదు.

మా పని గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ ఒక్క అక్షరం వెనక చాలా కష్టం ఉంది. మామూలుగా రియాక్టర్‌లో చేస్తే ఎడమా కుడీ సగం సగం వస్తాయి. 1967లో జార్జ్ కాట్జియాస్ అమెరికాలో రోగులకు అలాంటి మిశ్రమాన్నే రోజుకు 16 గ్రాముల దాకా ఇచ్చారు. నడవలేనివాళ్ళు నడిచారు, కానీ కొందరిలో తెల్ల రక్తకణాలు పడిపోయాయి. తర్వాత ఎడమ రకాన్నే వాడారు, మోతాదు బాగా తగ్గింది.

మరి ఎడమ రకాన్నే తయారుచేయడం ఎలా? సెయింట్ లూయిస్‌లో మోన్‌శాంటో కంపెనీ కెమిస్ట్ విలియం నోల్స్ ఆ దారి చూపించారు. రోడియం లోహానికి తనలోనే ఎడమ-కుడి తేడా ఉన్న ఫాస్ఫీన్ అనే భాస్వరం అణువును తగిలించి, ఆ ఉత్ప్రేరకంతో హైడ్రోజన్ ఎక్కించారు. 1968లో మొదటి ప్రయత్నంలో మొగ్గు, అంటే ఒక రకం రెండోదానికంటే ఎక్కువ వచ్చిన పాలు, 15 శాతమే. ఫాస్ఫీన్ మార్చి మార్చి డైపాంప్ అనే రకం దగ్గరికి వచ్చేసరికి అది 95 శాతమైంది, అంటే నూటికి 97.5 పాళ్ళు ఎడమవే. సరుకు స్ఫటికాలుగా శుభ్రంగా దిగిపోయేది, మిగిలిన కుడి రకం, ఉత్ప్రేరకం ద్రావణంలో ఉండిపోయేవి. మొదలుపెట్టింది దేనితో అనుకున్నారు? వెనిలిన్‌తో, ఐస్‌క్రీమ్‌లో వాసన వచ్చేదే. నోల్స్‌కు 2001లో నోబెల్ వచ్చింది, అప్పటికి ఆయన రిటైరై, 84 ఏళ్ళ వయసులో ఉన్నారు.

నా అనుభవం ఒకటి. ఒకసారి మేం చేసిన వేరే మందులో కుడి రకం పరిమితి దాటింది. కరిగే ఉష్ణోగ్రత సరిపోయింది, ఐఆర్ (పరారుణ కాంతి) పరీక్ష సరిపోయింది. ఎడమ, కుడి రకాలను వేరుచేసే కైరల్ కాలమ్ మీద మాత్రం పక్కన చిన్న పీక్, అంటే కుడి రకం ఉన్నట్టు గుర్తు. 80 కిలోల బ్యాచ్ ఆపేసి మళ్ళీ స్ఫటికాలు కట్టించాం. మూడు రాత్రులు ఇంటికి వెళ్ళలేదు. ఆ సరుకు మాత్రగా మారి ఎవరింట్లో ఎవరి నోట్లో పడుతుందో అన్న ఆలోచన అప్పటినుంచి నన్ను వదల్లేదు. ఈరోజు మీ పోస్టు చదివితే ఆ ఇల్లు కనిపించినట్టయింది.

నెల్లూరు_ఫార్మసిస్ట్

పైన చెప్పినవాటికి రెండు కలుపుతాను. ఐరన్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, ఐరన్ లీవోడోపాను పట్టుకుని ఒంటికి పట్టనివ్వదు, రెండింటికీ ఎడం ఉండాలి. వికారంగా ఉందని ఎవరైనా పెరినార్మ్ ఇస్తే వేయొద్దు. అది మెదడులోకి వెళ్ళి డోపమిన్ పనిని అడ్డుకుంటుంది, వణుకు పెరుగుతుంది. ఇంకో ముఖ్యమైన మాట: మీ అంతట మీరు మాత్ర ఒక్కసారిగా ఆపకండి, ప్రమాదం.

పల్లెటూరి_పిల్ల

మా అత్తగారికి కూడా ఇదే జబ్బు. దూలగొండి గింజల పొడి వేస్తే మాత్రలు అక్కర్లేదని చుట్టాలు ఒకటే పోరు. చిన్నప్పుడు ఒంటికి తగిలితే దురదతో ఏడ్చేవాళ్ళం, ఆ కాయేనా?

జీడిమెట్ల_కెమిస్ట్

ఆ కాయే అమ్మా. మీ చుట్టాల మాట పూర్తిగా ఉత్తది కాదు. ఆ గింజల్లో ఉన్నది లీవోడోపానే. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు దాన్ని విడదీసి చూపించారు. మేం రోడియం పెట్టి సాధించే ఎడమతనాన్ని ఆ తీగ వానకూ ఎండకూ నిలబడి తనే చేసుకుంటుంది, తలుచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యమే. కానీ చెంచా పొడిలో ఎంత మందు ఉందో చెప్పలేం, గింజగింజకీ మారుతుంది. కార్బిడోపా అందులో ఉండదు. మాత్రల మీద అదనంగా వేస్తే మోతాదు ఎక్కువై చేతులు, మెడ వాటంతటవే మెలికలు తిరిగే అవకాశం ఉంది. డాక్టరుకు చెప్పకుండా మాత్రం వద్దు.

నాన్న_కోసం, తెనాలి

పది రోజుల తర్వాత రాస్తున్నాను. డాక్టరు గారు డైరీ చూసి టైము మార్చారు. ఏడింటికి మంచినీళ్ళతో మాత్ర, ఏడున్నర దాటాక టిఫిను. పెసరట్టు, పప్పు ఎక్కువగా సాయంత్రానికి జరిపాం. పదిలో ఎనిమిది రోజులు గడప దగ్గర ఆగలేదు. నిన్న మాత్రం ఆగారు, ఎందుకో తెలియదు, అదీ డైరీలో రాశాను.

చెప్పుల ఉదాహరణ చదివి వినిపించాను. నాన్నగారు చెప్పులు తెప్పించుకుని, రెండూ మార్చి తొడుక్కుని చూశారు. తర్వాత కాగితం మీద డోపా బొమ్మ వేసిమ్మన్నారు. నాకు రాదు. కెమిస్టు గారూ, వీలైతే ఒకటి గీసి పెట్టగలరా? పెద్దగా వేయండి, ఆయనకు కళ్ళజోడుతో కూడా చిన్నవి కనిపించవు.