బ్రాయిలర్ కోళ్లకి నీళ్లలో రోజూ టానిక్ పోయాల్సిందేనా?

పొట్టు_లిట్టర్:
అందరికీ నమస్కారం. పిల్లల్ని ఇచ్చి మాచేత పెంచిస్తున్న కంపెనీ సూపర్‌వైజర్ ఇచ్చిన షెడ్యూల్ ప్రకారం పొద్దున బీ కాంప్లెక్స్, మధ్యాహ్నం ఎలక్ట్రోలైట్, సాయంత్రం లివర్ టానిక్, రెండో వారం నుంచి కాల్షియం, పిల్ల దిగిన రోజు నుంచి లిఫ్టింగ్ (పెరిగిన కోళ్లను షెడ్డు నుంచి ఎత్తుకెళ్లడం) దాకా ఇదే. మేతలో విటమిన్ ప్రీమిక్స్ (ముందే కలిపిన విటమిన్ల పొడి) ఎలాగూ ఉంటుంది కదా, మళ్లీ నీళ్లలో ఇంత అవసరమా? మీరేం చేస్తున్నారో చెప్పండి.

నిప్పిల్_లైన్:
రోజూ అక్కర్లేదు. ముందు నీళ్ల పైపు లైన్ చివర క్యాప్ విప్పి నీళ్లు తెల్ల బకెట్లోకి వదిలి చూడండి. రోజూ టానిక్ నడిచే షెడ్లో ముందు గోధుమరంగు జిగురు ముక్కలు పడతాయి, నీళ్లు ఆ తర్వాతే. టానిక్‌లో ఉండే చక్కెర, విటమిన్లు పైపు లోపలి పాకుడికి మేత. ఆ పాకుడులో ఈకోలి బ్యాక్టీరియా చేరిందంటే మామూలు డోసు క్లోరిన్ పై పొర దాటి లోపలికి పోదు. బ్రూడింగ్‌లో (చిన్న పిల్లల్ని వేడిలో ఉంచే మొదటి రోజుల్లో) అయితే ఇంకా ఘోరం, షెడ్డు వేడిగా ఉంటుంది, చిన్న పిల్లలు తాగేది కొంచెమే కాబట్టి నీళ్లు లైన్లో అలాగే నిలబడిపోతాయి.

రెండు_షెడ్లు:
అన్నా మీరు ఎండాకాలం బ్యాచ్ ఎప్పుడన్నా తీశారా? కోడి నోరు తెరుచుకుని రొప్పుతుంటే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ బయటికి పోయి రక్తం క్షారం వైపు తిరుగుతది, పొటాషియం కూడా పోతది, మేత మానేస్తది. మేతే తిననప్పుడు మేతలో ప్రీమిక్స్ ఉండి ఏం లాభం? నీళ్లు మాత్రం తాగుతది. మామూలుగా తిన్న మేతకి దగ్గర దగ్గర రెట్టింపు నీళ్లు తాగే కోడి ఎండల్లో మూడు రెట్లు దాటి తాగుతది, అప్పుడు దాని కడుపులోకి ఏదన్నా పంపాలంటే నీళ్లు తప్ప ఇంకో దారి లేదు.

కోడి_కూత:
టానిక్ ఆపితే వెయిట్ రాదు సార్, మేం చూశాం.

నిప్పిల్_లైన్:
ఎండకి ఎలక్ట్రోలైట్ వద్దని నేనెక్కడన్నాను? ఎండ ముదరకముందు మొదలుపెట్టండి, చల్లబడ్డాక లైన్ ఫ్లష్ చేసి మంచినీళ్లు వదలండి. అది కూడా డోసు దాటితే ఉప్పు ఎక్కువై రెట్ట పలచనై లిట్టర్ (కింద పరిచిన పొట్టు) తడుస్తుంది, అమ్మోనియా లేస్తుంది, పాదాలు పుండ్లు పడతాయి. నేను అడిగేది రోజూ పోసే సీసాల సంగతి. క్లోరిన్ వేస్తున్నారా అసలు? విటమిన్ సి కలిపిన ట్యాంకులో క్లోరిన్ మిగలదు. చివరి నిప్పిల్ (కోడి నీళ్లు తాగే మొన) దగ్గర క్లోరిన్ 3 నుంచి 5 పీపీఎం (లీటరుకి అన్ని మిల్లీగ్రాములు) ఉండాలి, బోరు నీళ్ల పీహెచ్ 8 దాటితే వేసిన క్లోరిన్‌లో గట్టిగా పనిచేసేది పావు వంతే.

రెండు_షెడ్లు:
క్లోరిన్ క్లోరిన్ అంటారు. మా పక్క షెడ్డాయన గుంబోరో అనే వైరస్ జబ్బుకి వ్యాక్సిన్ ఇచ్చే రోజు కూడా క్లోరిన్ నీళ్లే ఇచ్చాడు, వ్యాక్సిన్ చచ్చింది, తర్వాత గుంబోరో వచ్చి గుట్టలు గుట్టలుగా పోయాయి. అదీ మీ క్లోరిన్.

నిప్పిల్_లైన్:
వ్యాక్సిన్‌కి కనీసం 24 గంటల ముందే క్లోరిన్ ఆపాలి, లీటరుకి 2.5 గ్రాములు వెన్న తీసిన పాలపొడి కలిపి కాసేపు ఆగి అప్పుడు వ్యాక్సిన్ వేయాలి. ఆయన ఆపకపోతే అది క్లోరిన్ తప్పా? అడిగింది టానిక్ గురించి, మీరు వ్యాక్సిన్ దగ్గరికి పోయారు.

పశువైద్య_విద్యార్థి:
చిన్న మాట. కాల్షియం పోసే రోజు టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్ మందులు ఇవ్వకండి, కాల్షియం దాన్ని పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వదు. యాసిడిఫయర్ (నీళ్ల పీహెచ్ తగ్గించే మందు) వాడేవాళ్లు పీహెచ్ 4 కిందికి పోనివ్వొద్దు, కోడి నీళ్లు తాగడం తగ్గించేస్తుంది.

కోడి_కూత:
ఎవరి షెడ్డు వాళ్లిష్టం, గొడవెందుకు.

రెండు_షెడ్లు:
గొడవ కాదు బ్రదర్. ఈయన మాట విని ఆపేసి రేపు మోర్టాలిటీ వస్తే ఈయన కడతాడా? ఒక బ్యాచ్‌కి పిల్లలే బలహీనంగా వచ్చాయి, బొడ్డు సరిగ్గా మూసుకోలేదు, దిగిన రోజే చెప్పా. లిఫ్టింగ్ అయ్యాక బ్యాచ్ కార్డులో (కంపెనీ వాళ్ల రికార్డు) ఏం రాశారో తెలుసా, టానిక్ సరిగ్గా వాడలేదు అని. ఖాళీ సీసాలేవీ అని అడిగారు, నేను పారేశా, గ్రోయింగ్ చార్జీలో (పెంచినందుకు కంపెనీ ఇచ్చే డబ్బులో) కోశారు. అప్పట్నుంచి ఒక్కో సీసా మీద తేదీ రాసి, డోసర్ (నీళ్లలో మందు కలిపే పరికరం) పక్కన పెట్టి ఫోటో తీసి, ఖాళీవి గోనెసంచిలో దాస్తున్నా. మీకు సొంత ఫారం, సొంత పిల్లలు, అడిగేవాడు లేడు కాబట్టి ఇన్ని నీతులు.

నిప్పిల్_లైన్:
ఇంతసేపూ వెయిట్ అన్నారు, ఎండ అన్నారు, అసలు సంగతి ఇదా. అంటే మీరు పోసేది కార్డు కోసం, కోడి కోసం కాదు. మీ బాధ న్యాయమే, కానీ కొత్తగా షెడ్డు కట్టినవాళ్లు ఇది చదివి టానిక్ లేకపోతే కోడి బతకదనుకుంటారు. నీళ్ల మీటర్ పెట్టి రోజూ రీడింగ్ రాయండి. జబ్బు తగలబోతుంటే తాగే నీళ్లు ముందు తగ్గుతాయి, చావులు తర్వాత. ఏడో రోజు తూకం కూడా రాసుకోండి, దిగిన బరువుకి నాలుగు రెట్లు దాటాలి. అడిగితే ఇవి చూపించండి.

పొట్టు_లిట్టర్:
నాకు ఇంకో అనుమానం. సాయంత్రం పోసే సీసా మీద ఏమేం కలిపారో రాసే లేదు, గ్రోత్ అని మాత్రం ఉంది.

పశువైద్య_విద్యార్థి:
అది పోయకండి. అందులో యాంటీబయాటిక్ ఉంటే లిఫ్టింగ్‌కి ముందు ఎన్ని రోజులు ఆపాలో మీకెలా తెలుస్తుంది? మాంసంలో మిగిలిపోతుంది. గ్రోత్ కోసం మేతలో యాంటీబయాటిక్ కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006 నుంచే ఆపేసింది. ఏముందో రాసిమ్మని సూపర్‌వైజర్‌ని కాగితం మీద అడగండి.

రెండు_షెడ్లు:
కాగితం అడిగితే వచ్చే బ్యాచ్‌కి పిల్లలు లేటుగా దింపుతారు తమ్ముడూ, షెడ్డు ఖాళీగా పెట్టుకుని లోన్ ఎవరు కడతారు. మీటర్ మంచిదే, పెడతా, కానీ నా కార్డులో మందుల కాలమ్ ఉంది, నీళ్ల కాలమ్ లేదు. అది మారేదాకా సీసాలు ఆపను.