పీహెచ్ 7.08 అంటే ఆశ లేనట్టేనా?

సముద్రతీరం: సెప్సిస్‌తో (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడం) ఐసీయూలో ఉన్న మా నాన్నగారి ఏబీజీ (ధమని రక్త పరీక్ష) కాగితం చూపించి, డ్యూటీ డాక్టర్ "పీహెచ్ 7.08, బతకడం కష్టమండి" అన్నాడు. ఆ ఒక్క అంకె పట్టుకుని అలా చెప్పొచ్చా?

రాత్రిడ్యూటీ: ఐసీయూలో పదకొండేళ్లుగా నర్సుని. పీహెచ్ తగ్గిందంటే రక్తంలో ఆమ్లం పెరిగినట్టు, కానీ అంకె ఒక్కటే చాలదండీ. షుగర్ పెరిగి కీటోఅసిడోసిస్‌తో 6.9లో వచ్చిన కుర్రాడు మూడో రోజు ఇడ్లీ తిన్నాడు. సెప్సిస్‌లో 7.1 ఉండి, ఒంటికి ఆక్సిజన్ సరిగా అందనప్పుడు పెరిగే లాక్టేట్, రెండు లోపు ఉండాల్సింది తొమ్మిదికి పోతే మాకూ భయమే. రక్తంలో ఆమ్లం ఎందుకు పెరిగిందో చూడాలి.

లెక్కలమాస్టారు: మరి ఐసీయూ రోగి పరిస్థితి ఎంత తీవ్రమో లెక్కగట్టే అపాచీ-2 స్కోరులో పీహెచ్ ఎందుకుంది? 7.15 కంటే తగ్గితే 4 పాయింట్లు.

రాత్రిడ్యూటీ: 12 కొలతల్లో అదొకటి మాస్టారూ. వయసు, పాత జబ్బులు కూడా కలుపుతారు.

కొబ్బరితోట: 7.4కీ 7.1కీ తేడా 0.3యే కదా. ఆమ్లాన్ని తగ్గించే బైకార్బ్ (సోడియం బైకార్బొనేట్) ఎక్కిస్తే సరిపోదా?

లెక్కలమాస్టారు: 0.3 తగ్గితే హైడ్రోజన్ అయాన్లు రెట్టింపండీ! లాగరిథమ్ అది.

రాత్రిడ్యూటీ: బైకార్బ్ సంగతి ఫ్రాన్స్‌లో 26 ఐసీయూల్లో పరీక్షించి 2018లో ప్రచురించారు. పీహెచ్ 7.20, అంతకంటే తక్కువ ఉన్న 389 మంది. మొత్తమ్మీద మరణాల్లో స్పష్టమైన తేడా రాలేదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లలో మాత్రం మేలు కనిపించింది.

లెక్కలమాస్టారు: అంటే పీహెచ్ చూడనే వద్దంటారా?

రాత్రిడ్యూటీ: నేనెప్పుడన్నాను?

సముద్రతీరం: మీ లాగరిథమ్ ఎవరడిగారండీ! ఆ 7.08 విని వెంటిలేటర్ వద్దని సంతకం పెట్టాను. తెల్లారి ఆరింటికి నాన్న పోయారు. తర్వాత ఫైలు తిరగేస్తే రెండో ఏబీజీ ఉంది. 7.19. లాక్టేట్ ఎనిమిది నుంచి ఐదుకి దిగింది. ఆ కాగితం మాకెవరూ చూపించలేదు.

లెక్కలమాస్టారు: క్షమించండి. నాది ఇంకో బాధ. మా ఆవిడకి అంకెలు రోజూ దిగజారుతున్నా పన్నెండు రోజులు "చూద్దాం" అన్నారే తప్ప ఏమీ చెప్పలేదు. ముందే చెప్పుంటే ఇంటికి తీసుకెళ్లేవాణ్ణి. అందుకే ఆ డాక్టర్ చెప్పడం మంచిదే అనిపించింది.

సముద్రతీరం: చెప్పడం తప్పనలేదు మాస్టారూ. సగమే చెప్పాడు.

రాత్రిడ్యూటీ: ఒక రీడింగ్ కంటే అది ఎటు కదులుతోందన్నదే మేం ఎక్కువగా చూస్తాం. 7.19 వచ్చినా ఆయన బతికేవారని నేను చెప్పలేనమ్మా. కానీ అది మీకు చూపించాల్సిందే. రెండో శాంపిల్ ఎన్నింటికి తీశారు?

సముద్రతీరం: కాగితం మీద రెండు గంటల నలభై నిమిషాలని ఉంది. నేను సంతకం పెట్టింది మూడున్నరకి.