పసుపు పెయింట్: లెవెల్ డిజైనర్ చేతకానితనమా, తప్పని అవసరమా?

పాతకోట:
2023 వీడియో గేమ్ రెసిడెంట్ ఈవిల్ 4 రీమేక్‌లో పగలగొట్టే పెట్టెలేవో ఆడేవాళ్లకు తెలిసేలా వాటి మీద పసుపు పెయింట్. మరుసటి ఏడాది ఫైనల్ ఫాంటసీ 7 రీబర్త్‌లో కొండ ఎక్కే చోటా అదే. నా దృష్టిలో ఇది వెనకడుగే. 1985లో సూపర్ మారియో బ్రదర్స్ మొదటి లెవెల్ (1-1) ఒక్క ముక్క చెప్పకుండానే ఆట నేర్పింది. మారియోను పెద్దవాణ్ని చేసే మొదటి పుట్టగొడుగు కుడివైపు జారి, పైపుకు కొట్టుకుని, తిరిగి మారియో మీదికే వస్తుంది. భయపడి ఎగిరితే నెత్తిన ఇటుకలు అడ్డం. అది తగిలితే మంచే జరుగుతుందని అలా తెలుస్తుంది. చివర్లో రెండు జతల మెట్లు చూడండి: మొదటి జత మధ్య నేల ఉంటుంది, రెండో జత మధ్య గొయ్యి. ముందు ప్రాణభయం లేకుండా సాధన, తర్వాతే అసలు పరీక్ష.

నిచ్చెనమెట్టు:
1-1 గొప్పదే, పోలికే కుదరదు. అక్కడున్నవి 16×16 పిక్సెళ్ల టైల్స్ (చిన్న చదరపు బొమ్మలు). కాలు మోపేదేదో, వెనకున్న బొమ్మేదో చూడగానే తేలిపోతుంది. ఇప్పుడు ఒక్క గదిలో బోలెడు సామాను, అందులో పనికొచ్చేవి రెండో మూడో. పైగా రంగుతో దారి చెప్పడం కొత్తా? డూమ్ (1993)లో ఎర్ర తాళంచెవి తలుపుకు ఎర్ర పట్టీలే కదా.

పాతకోట:
అది తాళం గుర్తు, ఆ లోకంలో దానికి అర్థముంది. మనిషి తిరగని కొండకు పెయింట్ ఎవరు పూసినట్టు?

గ్రేబాక్స్:
తప్పు జరిగే చోటు ఇంకా ముందుంది. బూడిదరంగు డబ్బాలతో లెవెల్ ముడి నమూనా, అంటే బ్లాక్‌అవుట్ చేసినప్పుడు టెస్టర్లు దారి ఇట్టే పట్టేస్తారు. ఆర్ట్ పాస్ (అసలు బొమ్మలు, అలంకారం దిద్దే దశ) అయ్యాక అదే ఎత్తులో అలంకారానికి రాళ్లు, పైపులు వచ్చి పడతాయి. ఎక్కగలిగేదీ ఎక్కలేనిదీ ఒకేలా ఉండేసరికి జనం ఇరుక్కుంటారు. అప్పుడు జామెట్రీ (గోడలు, అంచుల ఆకారాలు) కదిలిస్తే కొలిజన్ (ఏది తగిలితే ఆగాలో చెప్పే అమరిక), లైటింగ్ అన్నీ మళ్లీ చేయాలి. పెయింట్ డెకల్ (పైన అంటించే బొమ్మ) అయితే చిటికెలో అయిపోతుంది. అందుకే పూస్తారు.
పూయకుండా ఉండాలంటే ఎక్కే అంచుకు లెవెల్ మొత్తం ఒకే ఎత్తు, ఒకే ఆకారం పెట్టాలి. అలంకారాన్ని ఆ ఎత్తు దరిదాపుల్లోకి రానివ్వకూడదు. ఆర్ట్ పాస్‌లో వారం వారం స్క్రీన్‌షాట్ తీసి, రంగు తీసేసి, మసక చేసి చూడాలి. దారి అప్పుడూ కనబడాలి. కనబడకపోతే వెలుతురు తేడా చాలలేదన్నమాట. రంగు ఒక్కదాన్నే నమ్ముకుంటే రంగులు సరిగా పోల్చలేని ప్లేయర్లకు ఆ గుర్తు ఉన్నా లేనట్టే.

నిచ్చెనమెట్టు:
ఈ ఎత్తుల సంగతి ఒప్పుకుంటాను. కానీ చూపు తక్కువ ఉన్నవాళ్లకు గుర్తు ఉండాల్సిందే. మిర్రర్స్ ఎడ్జ్ (2008)లా చేయొచ్చుగా? తెల్లటి నగరంలో దారి ఎర్రగా మెరుస్తుంది, వద్దనుకుంటే ఆపేసుకోవచ్చు.

పాతకోట:
ఆపేశాక కూడా ఆట నడవాలి, నా పేచీ అక్కడే. మొరోవిండ్ (2002)లో ఊరివాళ్లు ఏ వంతెన దాటి ఎటు తిరగాలో మాటల్లో చెప్పేవారు, జర్నల్‌లో కూడా ఉండేది. ఆబ్లివియన్ (2006)లో తెర మీది కంపాస్‌లోకి వెళ్లాల్సిన చోటి గుర్తు వచ్చాక అలాంటి వివరాలు చాలాచోట్ల రాయనే లేదు. ఆ గుర్తు తీసేస్తే ఇక దేన్ని పట్టుకుని వెళ్లాలి?

గ్రేబాక్స్:
అందుకే మొదటి ప్లేటెస్ట్ (ఆడించి చూసే పరీక్ష) నుంచే సగం మందికి గుర్తులు ఆపేసి ఇవ్వాలి. వాళ్లు ఇరుక్కున్న చోటే ముందు సరిచేయాలి, పెయింట్ సంగతి ఆ తర్వాత.