అశ్వగంధకు వ్యామ్: పెరిగేది వేరు బరువా, మందు గుణమా?

ఎర్రనేల: వర్షాధార అశ్వగంధకు ఎకరాకు 5 కిలోల వ్యామ్ (వేర్లలో చేరి మొక్కకు భాస్వరం తెచ్చిచ్చే మేలు బూజు) వేయమంటున్నారు. వేర్లలో విథనోలైడ్లు, అంటే మందు గుణమిచ్చే రసాయనాలు, పెరుగుతాయట. మధ్యప్రదేశ్‌లోని నీమచ్ మండీలో అయినా ఇక్కడైనా ధర కట్టేది వేరు లావు, తెలుపు చూసే కదా? పైగా వేరు ఊరితే మందు శాతం పలచబడుతుంది. ఆ ఖర్చు దండగ అంటాను.

వేరుపరీక్ష: పలచబడొచ్చు, కాదనను. కానీ లెక్క సగంలో ఆపేశారండీ. ఉదాహరణకు 3 క్వింటాళ్ల ఎండు వేరులో విథనోలైడ్లు 0.30 శాతం ఉంటే మొత్తం 900 గ్రాములు. 4 క్వింటాళ్లలో 0.27 శాతమే ఉన్నా 1,080 గ్రాములు. సారం తీసే కంపెనీకి అమ్మేవాళ్లకు శాతం ముఖ్యం, ఎకరా మొత్తం కూడా ముఖ్యమే. ఇక గుణం పెరగడానికి కారణం లేకపోలేదు. బూజు వేరులోకి చేరినప్పుడు మొక్కలో జాస్మోనిక్ ఆమ్లం పెరగొచ్చు, రక్షణ రసాయనాల తయారీని నడిపేది అదే. ఆర్టెమిసియా అన్నువా అనే మందు మొక్కలో వ్యామ్‌తో ఆకు మీది గ్రంథి నూగు (రసాయనం తయారయ్యే సన్న వెంట్రుకలు) చిక్కబడి, మలేరియా మందు ఆర్టెమిసినిన్ పెరిగింది.

నేలవేము: అది ఆకు సంగతి, వేరుకు అతికించకండి. అసలు చిక్కు భాస్వరంతో. వ్యామ్ తెచ్చిచ్చేది ముఖ్యంగా భాస్వరమే కాబట్టి ఆ ఫలితం సూపర్ ఫాస్ఫేట్ వేసినా రావొచ్చు. అందుకే మూడు మడులు కావాలి: ఏమీ వేయనిది, వ్యామ్ వేసింది, సూపర్ మాత్రమే వేసింది. మూడింటిలోనూ ఒకే రోజు 20 మొక్కల చొప్పున పీకి, సన్న వేర్లు కూడా వదలకుండా నీడలో ఒకే తేమకు ఆరబెట్టి ల్యాబుకు పంపాలి. ఒకదాంట్లో 8, మరోదాంట్లో 14 శాతం తేమ ఉంటే వచ్చే తేడా నీళ్లది, మందుది కాదు.

ఎర్రనేల: మూడు మడుల మాట సబబుగా ఉంది. అయితే వ్యామ్ అసలు వేరుకు పట్టిందో లేదో ఎలా తెలుస్తుంది?

వేరుపరీక్ష: ముందు చూడాల్సింది అదే! 50 రోజుల మొక్క సన్న వేర్లను సెంటీమీటరు ముక్కలు చేసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో తెల్లబడేదాకా మరిగించాలి (గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, చర్మం కాలుతుంది). బాగా కడిగి, వినిగర్‌లో 5 శాతం పెన్ను ఇంకు కలిపి 3 నిమిషాలు మరిగించాలి. తర్వాత కొద్ది చుక్కల వినిగర్ కలిపిన నీళ్లలో నానబెడితే అదనపు రంగు దిగిపోతుంది. మైక్రోస్కోపులో వేరు కణాల లోపల చెట్టు కొమ్మల్లా చీలిన ముదురు గుర్తులు కనిపిస్తే పట్టినట్టే.

నేలవేము: పట్టకపోవడానికి ఎక్కువగా కారణం వేసే తీరే. విత్తనంతో కలిపి పైపైన చల్లితే వేరుకు అందదు. సాలులో విత్తనానికి 2 అంగుళాల కింద, చివికిన పశువుల ఎరువులో కలిపి వేయాలి. దాంతోపాటు డీఏపీ దండిగా వేస్తే, భాస్వరం చేతికందిన మొక్క బూజును రానివ్వదు. బూజును చంపే కార్బెండజిమ్ మందు నేలలో పోసినా దెబ్బే. ఆవాలు, క్యాబేజీ ఈ బూజుకు ఆశ్రయమివ్వవు కనుక, వాటి తర్వాత వేసే చేలో వ్యామ్ అవసరం ఎక్కువ. జొన్న, మొక్కజొన్న తర్వాత నేలలో ఇదివరకే ఉంటుంది, అక్కడ కొని వేయకముందే వేరు పరీక్ష చేయండి.